మాక్ టెస్టు మార్కులు ఎక్కడ పెరుగుతాయి?

వైద్య విద్య ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థులకు చివరి రెండు మూడు నెలల్లో దాదాపు ఒకే రకమైన అనుభవం ఎదురవుతుంది. మొదటి నాలుగైదు మాక్ టెస్టుల్లో మార్కులు చకచకా పెరుగుతాయి, ఆ తర్వాత ఒకచోట ఆగిపోతాయి. అప్పుడు చాలామంది చేసే మొదటి పని పరీక్షల సంఖ్యను పెంచడం. వారానికి ఒకటి రాసేవారు మూడు రాస్తారు, మూడు రాసేవారు రోజుకొకటి మొదలుపెడతారు. నిద్ర తగ్గుతుంది, ఆందోళన పెరుగుతుంది, మార్కులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. దీనికి కారణం తెలివితేటలు చాలకపోవడమో, శ్రమ తగ్గడమో కాదు. మాక్ టెస్టు చేయగల రెండు పనుల్లో ఒకదాన్నే పట్టుకొని, రెండోదాన్ని వదిలేయడమే అసలు కారణమని నా అభిప్రాయం.

ఆ రెండు పనుల్లో ఒకటి కొలవడం, రెండోది నేర్పడం. కొలిచే పని పరీక్ష రాసిన కొన్ని గంటల్లోనే పూర్తవుతుంది. నేర్పే పని మాత్రం కీ చూసుకొని మార్కులు లెక్కపెట్టుకున్న తర్వాతే మొదలవుతుంది. సరిగ్గా అక్కడే ఎక్కువమంది పుస్తకం మూసి తర్వాతి టెస్టుకు వెళ్లిపోతారు. జ్వరం ఎంతుందో మాటిమాటికీ చూసుకుంటూ మందు వేసుకోవడం మరచిపోయినట్లే ఈ పద్ధతి కూడా ఉంటుంది.

ముందుగా కొలత సంగతి చూద్దాం. అమెరికాలో వైద్య కళాశాలల ప్రవేశానికి రాసే ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది. ఎంతో జాగ్రత్తగా రూపొందించే ఆ పరీక్ష నిర్వాహకులే మొత్తం స్కోరుకు అటూ ఇటూ రెండు పాయింట్ల తేడాకు అవకాశం ఉందని స్కోరుతో పాటే తెలియజేస్తారు. అంటే గత వారం 508, ఈ వారం 510 వచ్చినంత మాత్రాన విద్యార్థి మెరుగయ్యారని గానీ, 506కు తగ్గినంత మాత్రాన వెనకబడ్డారని గానీ చెప్పలేం. భారతదేశంలోని నీట్‌లో సరైన జవాబుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. కాబట్టి ఒక్క ప్రశ్న తప్పు నుంచి ఒప్పుకు మారితే ఐదు మార్కుల తేడా వస్తుంది. రెండు ఎంపికల మధ్య ఊగిసలాడి పెట్టిన నాలుగు జవాబులు ఒక రోజు కలిసొచ్చి, మరో రోజు కలిసిరాకపోతే, చదువులో ఏ మార్పూ లేకుండానే 20 మార్కులు పెరగవచ్చు, తగ్గవచ్చు. దీనికి తోడు వేర్వేరు సంస్థలు తయారుచేసే ప్రశ్నపత్రాల కఠినత్వం ఒకేలా ఉండదు. ఒకే టెస్టు మార్కులను చూసి పొంగిపోవడం, కుంగిపోవడం రెండూ తొందరపాటే. వరుసగా మూడు పూర్తి నిడివి పరీక్షల సగటును, అంతకుముందు మూడింటి సగటుతో పోల్చుకుంటే కొంత నమ్మదగిన చిత్రం కనిపిస్తుంది. గతంలో చూసిన ప్రశ్నలే మళ్లీ వచ్చిన పేపరును ఆ లెక్కలోంచి తీసేయాలి, ఎందుకంటే అది ప్రశ్నను గుర్తుపట్టడాన్ని కొలుస్తుంది తప్ప సబ్జెక్టును కాదు.

పరీక్ష నేర్పుతుందన్న మాట కేవలం ఉపాధ్యాయుల నమ్మకం కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఒకటి ఇక్కడ ప్రస్తావించదగినది. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతల్లో పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవారికి 83 శాతం గుర్తుంది, రెండో బృందానికి 71 శాతమే. వారం తర్వాత పరీక్షిస్తే మొదటి బృందం 40 శాతానికి పడిపోయింది, రెండో బృందం మాత్రం 61 శాతం దగ్గర నిలబడింది. చదివిన వెంటనే అంతా వచ్చేసినట్లు అనిపించడం ఎంత మోసకరమో ఈ అంకెలు చెబుతున్నాయి. ప్రవేశ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత జరగదు, నెలల తర్వాత జరుగుతుంది.

ఇక అసలు విషయమైన తప్పుల పరిశీలనకు వద్దాం. ఒక ఉదాహరణ తీసుకుంటాను. ఆందోళనతో చాలా వేగంగా, లోతుగా శ్వాసిస్తున్న వ్యక్తి రక్తపు పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) ఏమవుతుందన్నది ప్రశ్న. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటకు పోతుంది కాబట్టి రక్తంలో కార్బోనిక్ ఆమ్లం తగ్గుతుంది, దానితో హైడ్రోజన్ అయాన్ల గాఢత తగ్గుతుంది, అందువల్ల పీహెచ్ పెరుగుతుంది. ఒక విద్యార్థి 'తగ్గుతుంది' అని గుర్తించారనుకుందాం. కీ చూసి, వివరణ చదివి, 'అవును, ఇది నాకు తెలిసిందే' అనుకొని ముందుకు సాగితే ఆ తప్పు నుంచి రావలసినది ఏమీ రాలేదన్నమాట. ఎందుకంటే ఆ ఒక్క తప్పు జవాబు వెనక కనీసం నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. కార్బన్ డయాక్సైడ్‌కూ ఆమ్లత్వానికీ ఉన్న సంబంధమే తెలియకపోవచ్చు. ఆ సంబంధం తెలిసినా, హైడ్రోజన్ అయాన్లు తగ్గితే పీహెచ్ పెరుగుతుందన్న విలోమాన్ని తికమకగా తలచుకొని ఉండవచ్చు. రెండూ తెలిసినా, ప్రశ్నలోని 'వేగంగా' అన్న మాటను కళ్లు దాటేసి ఉండవచ్చు. లేదా పక్కనే ఉన్న భౌతికశాస్త్ర లెక్కకు ఆరు నిమిషాలు ఖర్చుచేసి, ఈ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి పది సెకన్లు మాత్రమే మిగిలి ఉండవచ్చు. మొదటి కారణానికి మందు పాఠం మళ్లీ చదవడం. రెండోదానికి అలాంటి దిశ మార్పు ఉన్న ప్రశ్నలను పది పన్నెండు సాధన చేయడం. మూడోదానికి ప్రశ్నలోని కీలక పదం కింద గీత గీసే అలవాటు. నాలుగోదానికి కారణం జీవశాస్త్రంలోనే లేదు, కాలాన్ని పంచుకోవడంలో ఉంది. ఈ నాలుగింటికీ ఒకే పరిష్కారంగా అధ్యాయం మొత్తాన్ని మళ్లీ చదివే విద్యార్థి, నాలుగింటిలో మూడు సందర్భాల్లో సమయాన్ని వృథా చేసుకుంటున్నట్లే.

ఈ సందర్భంలో విద్యార్థులు అతిగా వాడే ఒక మాట గురించి చెప్పాలి. అది 'సిల్లీ మిస్టేక్'. ఆ ముద్ర వేసిన క్షణంలోనే విచారణ ఆగిపోతుంది. యూనిట్లు మార్చడం మరచిపోవడం, 'సరికానిది ఏది' అన్న ప్రశ్నలో సరైనదాన్ని గుర్తించడం, ఓఎంఆర్ పత్రంలో ఒక వరుస కిందికి దిద్దడం వంటివి ఒకసారి జరిగితే పొరపాటు, మూడు టెస్టుల్లో జరిగితే అలవాటు. అలవాటుకు పేరు పెట్టి, లెక్క రాసి పెట్టుకుంటే గానీ అది పోదు. నా ఉద్దేశంలో మార్కులు ఆగిపోయిన విద్యార్థికి త్వరగా దక్కే మార్కులు ఇక్కడే ఉన్నాయి, ఎందుకంటే వీటికోసం కొత్తగా ఏ పాఠమూ నేర్చుకోనవసరం లేదు.

తప్పులతో పాటు ఒప్పులనూ పరిశీలించాలన్న సంగతి చాలామందికి తట్టదు. పరీక్ష రాస్తున్నప్పుడే నమ్మకం లేకుండా పెట్టిన జవాబు పక్కన ఒక చుక్క పెట్టుకుంటే, ఆ తర్వాత నాలుగు గుంపులు కనిపిస్తాయి. నమ్మకంతో పెట్టి ఒప్పైనవాటిని వదిలేయవచ్చు. అనుమానంతో పెట్టి ఒప్పైనవి అదృష్టం ఇచ్చిన మార్కులు, అసలు పరీక్షలో అవి పోవచ్చు. అనుమానంతో తప్పినవి సహజమైన లోటు. అన్నిటికన్నా విలువైనవి గట్టి నమ్మకంతో పెట్టి తప్పినవి, ఎందుకంటే లోపల ఒక తప్పుడు భావన స్థిరపడి ఉందని అవే పట్టిస్తాయి. ఇందులో ఊరటనిచ్చే విషయం కూడా ఉంది. నమ్మకంతో చేసిన తప్పును వెంటనే సరిదిద్దితే, అనుమానంతో చేసిన తప్పుకన్నా ఆ దిద్దుబాటే ఎక్కువగా గుర్తుంటుందని 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ ప్రచురించిన ప్రయోగంలో తేలింది. అయితే దిద్దుబాటు జరగాలి, అదీ ఆ రోజో మరుసటి రోజో జరగాలి. మూడు గంటల పరీక్షకు కనీసం మూడు గంటల పరిశీలన కేటాయించలేని రోజున పూర్తి టెస్టు రాయకపోవడమే మంచిది.

తప్పిన ప్రశ్నల పుస్తకం చాలామంది రాస్తారు, తిరిగి తెరిచేవారు తక్కువ. వివరణను అందంగా ఎత్తి రాసుకోవడం వల్ల ప్రయోజనం స్వల్పం. ప్రశ్నను మాత్రమే ఒక పేజీలో రాసి, జవాబును వెనక పేజీలో ఉంచి, మూడు రోజులకు, పది రోజులకు, నెలకు మళ్లీ స్వయంగా చేయాలి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే మరుపు ఎంత వేగంగా ఆవరిస్తుందో తన మీద తానే ప్రయోగాలు చేసుకొని చూపించాడు. 2013లో డన్‌లాస్కీ బృందం పది అధ్యయన పద్ధతులను సమీక్షించినప్పుడు, స్వీయ పరీక్షకూ, విరామాలిస్తూ చేసే సాధనకూ అత్యధిక ప్రయోజనం ఉందని తేల్చింది. రంగు పెన్నుతో గీతలు గీయడం, చదివినదే మళ్లీ చదవడం అట్టడుగున నిలిచాయి.

మాక్ టెస్టు మార్కులనే లక్ష్యంగా పెట్టుకున్నవారు తప్పక ఆలోచించవలసిన ఫలితం మరొకటి ఉంది. 2007లో రోహ్రర్, టేలర్ కళాశాల విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం లెక్కించడం నేర్పారు. ఒక్కో రకాన్ని వరుసగా సాధన చేసినవారు సాధన సమయంలో 89 శాతం సరిగా చేశారు, అన్నిటినీ కలిపి సాధన చేసినవారు 60 శాతమే చేశారు. వారం తర్వాత జరిపిన పరీక్షలో వరుసగా చేసినవారికి 20 శాతం, కలిపి చేసినవారికి 63 శాతం వచ్చాయి. అధ్యాయాలవారీ టెస్టుల్లో మంచి మార్కులు తెచ్చుకొని, అన్ని అధ్యాయాలూ కలిసిన గ్రాండ్ టెస్టులో తడబడే విద్యార్థి సమస్య ఇదే. 'ఉష్ణగతిక శాస్త్రం' అని పైన రాసి ఉన్న పేపరులో ఏ సూత్రం వాడాలో సగం ముందే తెలిసిపోతుంది, అసలు పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. మిశ్రమ సాధన మొదలుపెట్టిన పదిహేను రోజులు మార్కులు తగ్గితే భయపడి వెనక్కి వెళ్లకూడదు. సాధనలో ఎదురయ్యే ఈ ఇబ్బందిలోనే నేర్చుకోవడం జరుగుతుంది.

కాలం, ఊహించి పెట్టే జవాబులు అనే రెండు విషయాల్లో పరీక్షను బట్టి వ్యూహం మారుతుంది. నీట్‌లో 2025 నుంచి 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఉన్నాయి. 90 ప్రశ్నలున్న జీవశాస్త్రంలో మిగిల్చిన నిమిషాలే భౌతికశాస్త్ర లెక్కలకు ఆధారం. బ్రిటన్‌లో వైద్య విద్య ప్రవేశానికి రాసే యూక్యాట్ భాషా విభాగంలో ఒక్కో ప్రశ్నకు సుమారు అర నిమిషమే దొరుకుతుంది, కాబట్టి అక్కడ దేన్ని వదిలేయాలో తెలుసుకోవడమే ప్రధాన నైపుణ్యం. ఎంక్యాట్, యూక్యాట్‌లలో తప్పుకు మార్కులు పోవు గనక ఖాళీ వదలడానికి కారణమే లేదు. నీట్‌లో ఒక తప్పుడు ఎంపికను కచ్చితంగా తీసేయగలిగితే సగటున ప్రశ్నకు మూడింట రెండు వంతుల మార్కు, రెండింటిని తీసేయగలిగితే ఒకటిన్నర మార్కు వచ్చే అవకాశం ఉంది. ఏమీ తెలియకుండా పెట్టినా సగటు పావు మార్కు. అయితే అలా 20 ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున వచ్చేది ఐదు మార్కులే, అదృష్టాన్ని బట్టి అది పదేసి మార్కులు అటూ ఇటూ మారడం మామూలే. అందుకే ఊహలను కూడా మాక్ టెస్టుల్లోనే లెక్కపెట్టి, తమ ఊహ ఎంత శాతం ఫలిస్తోందో తెలుసుకోవాలి.

మొదట తోచిన జవాబును మార్చవద్దన్న సలహా తరతరాలుగా వినిపిస్తోంది. 2005లో క్రూగర్, విర్ట్జ్, మిల్లర్ 1,561 మంది విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపి దిద్దిన గుర్తులను పరిశీలిస్తే, మార్పుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు, 25 శాతం మాత్రమే ఒప్పు నుంచి తప్పుకు వెళ్లాయి. స్పష్టమైన కారణం కనిపించినప్పుడు మార్చడమే మేలు. పెన్నుతో దిద్దే ఓఎంఆర్ పత్రంలో ఆ వెసులుబాటు ఉండదు గనక పునరాలోచన అంతా దిద్దకముందే జరగాలి.

ఇంట్లోవాళ్లకూ, అధ్యాపకులకూ ఒక మనవి. ప్రతి టెస్టు తర్వాత 'ఎన్ని వచ్చాయి?' అన్న ఒక్క ప్రశ్నే అడిగితే, విద్యార్థి ఆ అంకెను కాపాడుకోవడం నేర్చుకుంటారు. సులువైన పేపర్లు ఎంచుకోవడం, మధ్యలో ఒకసారి కీ వైపు చూడటం, బలహీనమైన అధ్యాయాల జోలికి వెళ్లకపోవడం అక్కడి నుంచే మొదలవుతాయి. ఇవి అబద్ధాలాడే పిల్లలు చేసే పనులు కావు, భయపడిన పిల్లలు చేసే పనులు. 'ఈ టెస్టులో ఏ తప్పు కొత్తగా దొరికింది?' అని అడిగే పెద్దల దగ్గర, తప్పును దాచవలసిన అవసరం ఉండదు.

చివరి పూర్తి టెస్టును అసలు పరీక్షకు వారం ముందే ముగించాలన్నది నా గట్టి అభిప్రాయం. అది కూడా అసలు పరీక్ష జరిగే వేళకే, అన్నే విరామాలతో రాయాలి. ఆ తర్వాత రాసే టెస్టును పరిశీలించి, దిద్దుకొని, మళ్లీ సాధన చేసేందుకు వ్యవధి ఉండదు, కాబట్టి అది ఇవ్వగలిగేది ఒక అంకె మాత్రమే. ఆ దశలో అంకె ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా దానితో చేయగలిగినది ఏమీ లేదు. ఆ గంటలను తప్పుల పుస్తకంలో ఇంకా కొట్టేయని పేజీలకూ, కంటినిండా నిద్రకూ ఇవ్వాలి.