పక్షులకు అకడమిక్ క్యాలెండర్ కావాలి

మన హైదరాబాద్ పక్షుల్లో క్రమశిక్షణ బొత్తిగా లేదు. ఊరికే అనడం లేదు. మా అక్క కూతురు ఈ వేసవిలో కేబీఆర్ పార్కులో పక్షుల మీద ఇంటర్న్‌షిప్ చేసింది. ఎనిమిది వారాలు ఎండలో ఆ పిల్ల పడ్డ అవస్థ చూశాక, మేనమామగా నేను కలగజేసుకోక తప్పడం లేదు.

మొదటి తప్పు సెలవులది. కాలేజీలు పిల్లల్ని వదిలేది మే నెలలో. మధ్య ఆసియా నుంచి గులాబీ రంగు గోరింకలు, హిమాలయాలు దాటి తల మీద నల్ల చారల బాతులు చలికాలమంతా ఈ చుట్టుపక్కలే తిని తిరిగి, పిల్లలు పరీక్షల్లో ఉండగా చూసి మూటాముల్లె సర్దుకుంటాయి. వీసా గొడవ లేదు, టికెట్ ఖర్చు లేదు. ఒక్క నెల ఆగితే ఏం పోయింది?

రెండోది హాజరు. నిర్వాహకులు పదింటికి రమ్మన్నారు. పక్షులేమో ఐదున్నరకే డ్యూటీ ఎక్కి, ఎండ ముదరగానే ఏ ఆకుల చాటుకో చేరుతున్నాయి. 1998లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఇన్నేళ్లయినా వాటికి ఆఫీసు వేళలు అలవాటు కాలేదు. చివరికి బతిమాలితే రిపోర్టింగ్ ఆరింటికి మార్చారు. ఆరింటికి పక్షులకంటే వాకర్లు ఎక్కువ.

కూత వినిపిస్తే పక్షి పేరు చెప్పే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుంది. మూడు రోజులు వరసగా ఒకేచోట 'కోకిల' అని చూపించింది. మూడు కోకిలలని రాసుకుంది. నాలుగో రోజు ఆ కోకిల బెంచీ మీద దొరికింది. తెల్ల బూట్లు వేసుకుని, "ఆ, కోకాపేటలో గజం ఎంత అంటున్నారు?" అని ఫోనెత్తింది.

అసలు కోకిలలూ ఉన్నాయి లెండి. కూసేది మగది. ఆడది కాకి గూట్లో గుడ్డు పెట్టి తన దారిన తాను పోతుంది. ఈ సంగతి వివరిస్తుంటే ఒకావిడ మధ్యలోనే అందుకుంది: "అంటే రెసిడెన్షియల్‌లో వేసిందన్నమాట." తిండీ కాపలా కాకివే, పైగా ఫీజు లేదని తెలిశాక చాలాసేపు ఆలోచనలో పడింది. వాళ్లబ్బాయి ఇంటర్‌కి వచ్చాడట.

ఇలా చెప్పడాన్ని ఔట్‌రీచ్ అంటారు. అవగాహన కల్పించడానికి వెళ్లిన పిల్లకే ఎక్కువ అవగాహన కలిగింది. ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది అడిగింది స్టైపెండ్ ఎంతని. పదో ఆయన, దీని తర్వాత ప్యాకేజీ ఎంత వస్తుందని. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట బొమ్మ చూపిస్తే ఒక పెద్దాయన నవ్వాడు. "దసరాకి పంజరంలో పెట్టి తెస్తారు కదమ్మా, అప్పుడు చూస్తాంలే." అలా బంధించడం నేరమండీ అంటే, "మేమెక్కడ బంధించాం? చూసి పదో ఇరవయ్యో ఇస్తామంతే" అన్నాడు.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. యూనివర్సిటీ డిగ్రీ లేదని అంతకుముందు ఆయనకు జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం దొరకలేదు. ఆ ముచ్చట విని మా బావ, "చూశావా, సర్టిఫికెట్ ఎంత ముఖ్యమో!" అన్నాడు.

సర్టిఫికెట్ వచ్చింది. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు. ఇక హాయిగా పడుకోవచ్చు కదా? మర్నాడు ఐదింటికే మళ్లీ బూట్లు వేసుకుంటోంది. "అయిపోయింది కదే, ఇంకా ఎందుకు?" అని మా అక్క కేకలు. చివరి వారంలో రాళ్ల మధ్య తీతువు గుడ్లు నాలుగు కనిపించాయట. గూడు కూడా కట్టుకోదు ఆ పిట్ట, ఉత్త నేలమీదే పెడుతుంది. రిపోర్టు ఫారంలో గుడ్లకు కాలమ్ లేదు కాబట్టి అవి లెక్కలోకి రాలేదు.

"తీతువు కూస్తే అరిష్టం, అటు పోకు" అని మా అమ్మ అడ్డుపడింది. పోయింది. తిరిగొచ్చి, ఇంట్లో ఎవరూ అడగకుండానే ప్రకటించింది: "నాలుగూ పిల్లలయ్యాయి మామయ్యా. అప్పుడే నడుస్తున్నాయి."