స్టాప్‌వాచ్‌ను రద్దు చేయాలి

పోలీసు కొలువులకు తయారయ్యే నల్లగొండ పిల్లల తరఫున ఒక న్యాయమైన డిమాండ్. దేహదారుఢ్య పరీక్షల్లో స్టాప్‌వాచ్ వాడకం ఆపాలి. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. గుండెల్లో నమ్మకం ఎంతుందో రాసే గడి మాత్రం ఏ ఫారంలోనూ లేదు. ఫంక్షన్ హాల్లో వ్యక్తిత్వ వికాసం క్లాసుకు పొద్దంతా కూసుని, ‘నేను చేయగలను’ అని గొంతు పోయేదాకా అరిచొచ్చిన పోరడి గతేంగావాలె?

లెక్క కూడా అతనిమీద పగబట్టింది. నాలుగు చుట్లు, చుట్టుకు 108 సెకన్లు. ఆత్మవిశ్వాసం ఉన్నోడు 108 దాకా ఓపిక పడతాడా? విజిల్ పడంగనే మొదటి చుట్టు 80లో కొడతాడు. రెండో చుట్టుకు ఊపిరందదు, మూడోదానికి తొడలు బిగుసుకుపోతాయి, నాలుగోది నడకే. అప్పటిదాకా వెనక ఎద్దుబండి లెక్క వచ్చిన బక్కపోరడు పక్కనుంచి దాటిపోతాడు.

ఆ బక్కపోరడు చేసింది చూస్తే నవ్వొస్తుంది. ఫోను అవతలి అర్రలో, బూట్లు మంచం పక్కన. ‘అలారం మోగితే ముందు బూట్లే’ అని తనతో తానే ఒప్పందం. ఉత్త సంకల్పం కన్నా ఇట్లాంటి ‘ఇదైతే అది’ ఒప్పందమే పనికొస్తుందని గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లోనే రాశాడు. మొదటి రెండు వారాలు పక్కవాడితో మాట్లాడుకుంటూ ఉరికేంత నెమ్మదిగా రెండు కిలోమీటర్లు. తర్వాత వారానికి రెండుసార్లు, 400 మీటర్లు నాలుగు దఫాలు, ప్రతిదీ 105 సెకన్లలో, నడుమ రెండు నిమిషాల విరామం. దూరం ఒక్కసారే పెంచినోళ్లు ముంగాలి ఎముక నొప్పితో మూలకు పడ్డారు. కొత్త బూట్లు పరీక్షనాడే తొడిగినోళ్ల మడమలు బొబ్బలెక్కాయి. ఇవన్నీ స్టేజీ మీద చెబితే చప్పట్లు ఆగిపోవూ?

‘21 రోజుల్లో ఏ అలవాటైనా’ అనే ఫ్లెక్సీ సంగతీ చూద్దాం. మూలపురుషుడు మాక్స్‌వెల్ మాల్ట్జ్, ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ తర్వాత కొత్త మొహం కంటికి అలవాటు పడేందుకు కనీసం 21 రోజులన్నాడు 1960లో. దారిలో ‘కనీసం’ జారిపోయింది, మొహమూ జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం అలవాట్లనే లెక్కగడితే సగటున 66 రోజులు తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. 254 రోజుల కోర్సుకు ఫీజు కట్టేదెవరు?

బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఆత్మవిశ్వాసానికి నాలుగు ఊటలు చూపించాడు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటోడు నెగ్గడం చూడడం, పక్కోళ్ల మాటలు, ఒంటి తీరు. మొదటిదే అన్నిట్లోకీ గట్టిదన్నాడు. మనోళ్లు మూడోదానికే హాలు బుక్ చేస్తారు, మిగతావాటికి మైకు అక్కర్లేదు కాబట్టి. బత్తాయి పెట్టిన నాలుగైదేండ్లకు గాని కాపుకు రాదు. అయినా ఈ జిల్లా రైతు చెట్టు ముందు నిలబడి ‘నువ్వు కాయగలవు’ అని అరిచిన దాఖలా లేదు. పాదు చేసి నీళ్లు కడతాడు, అంతే. వెనకబడిన ఆలోచన.

కాబట్టి ఈసారి మేకల అభినవ్ స్టేడియంలో స్టాప్‌వాచ్ తీసేసి, అరుపును కొలిచే మిషను పెట్టాలి. వినతిపత్రం మీద అందరూ సంతకాలు పెట్టారు. ఆ బక్కపోరడే పెట్టలేదు. పొద్దుగాల ఐదింటికి లేవాలంటూ అప్పటికే పండుకున్నాడు.