ఆఫీసుకు తిరగడానికి డీజిల్ కారా? ఆ మెసేజ్ నమ్మి కొనకండి

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "కళ్లు మూసుకుని డీజిల్ కారు కొనండి. లీటరు ధర తక్కువ, మైలేజ్ ఎక్కువ, అదనంగా పెట్టిన డబ్బు రెండేళ్లలో తిరిగొస్తుంది. డీజిల్ ఇంజిన్ మూడు లక్షల కిలోమీటర్లు చెక్కుచెదరదు, ఖర్చే ఉండదు. డీపీఎఫ్ (సైలెన్సర్ దారిలోని మసి జల్లెడ) లైటు వెలిగితే పార్కింగ్‌లో పెట్టి పది నిమిషాలు రేస్ చేయండి. అప్పటికీ పోకపోతే మెకానిక్‌తో పీకించేయండి. ఢిల్లీలో పదేళ్లు నిండిన డీజిల్ బండ్లు చవగ్గా దొరుకుతున్నాయి, తెచ్చుకోండి."

కొంత నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కానీ రోజూ మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా వెళ్లి రావడానికి దీన్ని నమ్మి డీజిల్ కొంటే చేతులు కాలతాయి.

ముందు రెండేళ్ల మాట. 2025 బెంగళూరు ధరలే తీసుకుందాం: పెట్రోలు సుమారు 103 రూపాయలు, డీజిల్ 91. సిటీ ట్రాఫిక్‌లో ఒక మామూలు కాంపాక్ట్ ఎస్‌యూవీ పెట్రోలుతో లీటరుకు 11, డీజిల్‌తో 14 ఇస్తుందనుకోండి. కిలోమీటరుకు మిగిలేది 2.86 రూపాయలు. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగితే సుమారు 22,900. ఇప్పుడు కొనేటప్పటి తేడా చూడండి. పెట్రోలు బండి ఎక్స్-షోరూమ్ 9.8 లక్షలు, డీజిల్ 11.2 లక్షలు అయితే ధరలోనే 1.4 లక్షల తేడా. మెసేజ్ పూర్తిగా వదిలేసింది లైఫ్ టాక్స్‌ని. కర్ణాటకలో 10 లక్షలు దాటితే 14 శాతం శ్లాబు కాస్తా 17 శాతం అవుతుంది, అదీ మొత్తం ధర మీద. సెస్సు పక్కన పెట్టినా ఇంకో 53 వేలు. కలిపితే 1.93 లక్షలు. అది తిరిగి రావాలంటే ఎనిమిదేళ్లు పైనే.

అదే మనిషి నెలకు రెండు మూడుసార్లు ఎన్‌హెచ్ 44 మీద అనంతపురం, కర్నూలు వెళ్లి వస్తూ ఏడాదికి 20,000 తిరిగితే కథ వేరు. హైవే మీద పెట్రోలుకు 15, డీజిల్‌కు 20 మైలేజ్ లెక్కన ఏడాదికి 46 వేలు మిగులుతాయి, నాలుగేళ్లకు కాస్త పైన అసలు వచ్చేస్తుంది. అలాంటివాళ్లకు డీజిల్ మంచి బండే, ఆ సంగతి దాచాల్సిన పని లేదు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపాక మైలేజ్ తగ్గిందన్న మాట కూడా నిజమే. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ.

"ఖర్చే ఉండదు" అన్నదాంట్లో సగమే నిజం. బ్లాకు, క్రాంకు గట్టివే, ఆర్‌పీఎం తక్కువ కాబట్టి అరుగుదలా తక్కువే. జేబుకు చిల్లు పెట్టేది ఇంజిన్ చుట్టూ ఉన్న సామాను: ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు, టర్బో, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), కుదుపులు తగ్గించే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. ఇంజెక్టర్‌లోకి డీజిల్ 1,600 బార్, ఆ పైన ఒత్తిడితో వెళ్తుంది. ఆ పంపుకు డీజిలే కందెన. బంకులో పొరపాటున పెట్రోలు పోస్తే ఆ కందెన పోయి లోహం లోహాన్ని గీరుతుంది, ఆ రజను నాలుగు ఇంజెక్టర్లలోకీ పోతుంది. తాళం తిప్పారా, ట్యాంకులోని పంపు నడిచి దాన్ని ముందుకు తోస్తుంది. అందుకే తాళం ఆన్ కూడా చేయకుండా పక్కకు తోసి ట్యాంకు ఖాళీ చేయించాలి. నీళ్లు కలిసిన డీజిల్‌తోనూ ఇదే బాధ. ఫ్యూయల్ ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉన్న బండి అయితే దాన్ని వదులు చేసి, తేటైన డీజిల్ వచ్చేదాకా వదిలి, బిగించి, చేతిపంపుతో ప్రైమ్ చేయాలి, అంటే లైనులో గాలి పోయేలా డీజిల్ నింపాలి.

ఇక డీపీఎఫ్. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక సైలెన్సర్ దారిలో ఈ మసి జల్లెడ ఉంటోంది. పట్టిన మసి కాలాలంటే లోపల సుమారు 600 డిగ్రీలు కావాలి. పార్కింగ్‌లో రేస్ చేస్తే ఇంజిన్ మీద లోడు ఉండదు, వేడి అంత చేరదు, పైగా కొత్త మసి పడుతుంది. చేయాల్సింది ఇది: లైటు వెలిగిన రోజే, ట్యాంకులో కనీసం పావు వంతు డీజిల్ చూసుకుని, పొద్దున్న ఆరింటికి హెబ్బాళ్ నుంచి దేవనహళ్లి వైపో నైస్ రోడ్డు మీదో 60 దాటిన వేగంతో, 2,000 ఆర్‌పీఎం తగ్గని గేరులో 20 నిమిషాలు ఆపకుండా నడపండి. మధ్యలో ఇంజిన్ ఆపకండి. లైటుతో పాటు ఇంజిన్ పవర్ తగ్గిపోతే మాత్రం ఇది పనిచేయదు, వర్క్‌షాపులో స్కానర్ పెట్టి చేయాలి.

నడుస్తుండగా బండి తనంతట తానే ఆ మసి కాల్చుకుంటుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఆ పని మొదలై మళ్లీ మళ్లీ మధ్యలో ఆగిపోతే దెబ్బ ఆయిల్‌కు తగులుతుంది. వేడి పెంచడానికి చాలా ఇంజిన్లు సిలిండర్‌లోకే ఆలస్యంగా కాస్త డీజిల్ చల్లుతాయి. అందులో కొంత రింగుల పక్క నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. నెలకోసారి చదునైన చోట, చల్లారిన ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి మ్యాక్స్ గీత దాటి పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే కిలోమీటర్లు నిండేదాకా ఆగకుండా మార్పించేయండి. మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద ఆయిలే వాడండి, ఎక్కువగా అది ఏసీఈఏ సీ2 లేదా సీ3 గ్రేడు. చవకని లారీల ఆయిల్ పోయిస్తే దాని బూడిద జల్లెడలో చేరుతుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు.

పీకించేయమన్న సలహా అన్నిటికంటే చెడ్డది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది అనుమతి లేని మార్పు; 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వారంటీ పోతుంది. మీ సైలెన్సర్ నుంచి వచ్చే ఆ మసిని వెనక స్కూటీ మీద బిడ్డను కూర్చోబెట్టుకున్న తల్లి పీలుస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఢిల్లీ బండ్ల విషయం. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రోడ్డెక్కకూడదన్న నిబంధన ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2015లో పెట్టి, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అది పెట్టింది ఢిల్లీ ఎన్‌సీఆర్‌కే (ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం), బెంగళూరుకు కాదు. అలాగని చవక అనుకోకండి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తేవాలి, 12 నెలల్లోపు ఇక్కడ కేఏ నంబరు తీసుకోవాలి, బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. బేరానికి ముందే ఇవి కలిపి లెక్క వేసుకోండి.

పాత డీజిల్ ఎక్కడిదైనా, చూడ్డానికి వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, చల్లారాక మళ్లీ రండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే ఇంజెక్టర్లను, నీలం పొగ వస్తే టర్బోను లేదా రింగులను అనుమానించాలి. 2020 ఏప్రిల్ తర్వాత తయారైన బండి అయితే స్టార్ట్ చేయకముందే టెయిల్ పైపు లోపల చూపుడువేలు పెట్టి రుద్దండి. జల్లెడ బాగుంటే వేలికి దుమ్మే అంటుతుంది. కాటుకలా నల్లటి మసి అంటితే డీపీఎఫ్ పగిలిందో, ఎవరో పీకించేశారో. ఆ బండి వదిలేయండి.