కరివేపాకు కుండీ ఎవరింట్లో ఉంది?

మన కొలంబస్ తెలుగు సంఘం పత్రిక ఈ సంచికకి ప్రయాణాల ఆనందం గురించి రెండు పేజీలు రాసిమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. అడగడంలో తప్పు లేదు. మొన్న మన ఉగాది వేడుకలో "విశ్వ సంచారి" అని శాలువా కప్పించుకున్నది నేనే. సరేనన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే మనసు ఆ శాలువా దగ్గరే పట్టుకుపోయింది, ముందుకి కదల్లేదు.

ఆ రోజు రానివాళ్ల కోసం జరిగింది చెప్తాను. మన ఉగాది ఎప్పటిలాగే పంచాంగం చెప్పిన రోజున కాకుండా హైస్కూల్ ఆడిటోరియం ఖాళీ దొరికిన శనివారం వచ్చింది. పచ్చడి చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పంచారు. పంతులుగారు పంచాంగం చదివారు, ఎవరి రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో విని అందరం నవ్వుకున్నాం. పిల్లల డాన్సులు అయిపోయాయి, భోజనాల వ్యాను మాత్రం ఇంకా దారిలోనే ఉంది. ఆ సందు పూడ్చడానికి యాంకర్ అబ్బాయి ఒక ఆట మొదలుపెట్టాడు. అందరూ లేచి నిలబడాలి. ఇండియా, అమెరికా లెక్కలోకి రావు. ఆ రెండూ కాక ఒక్క దేశమైనా చూడనివాళ్లు ముందు కూర్చోవాలి. తర్వాత ఐదు దేశాల లోపు వాళ్లు, ఆ తర్వాత పది. అలా చివరికి ఎవరు మిగిలితే వాళ్లకి శాలువా.

మొదటి మాటకే ఒక పదిహేను మంది కూర్చున్నారు. వాళ్లలో మా పక్క వీధి అక్క ఒకరు. పేరు రాయను, రాస్తే ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. కొలంబస్‌లో మన సంఘం మొహం చూసినవాళ్లందరికీ ఎవరో తెలుస్తుంది. ఆ రోజు మనం తాగిన పచ్చడి ఆవిడ కలిపిందే. యాంకర్ ఊరుకోకుండా, "ఏంటక్కా, ఇరవై ఏళ్ల నుంచి ఇక్కడే ఉన్నారు, నయాగరా దగ్గర వంతెన దాటినా కెనడా వచ్చేసేది కదా!" అన్నాడు మైకులో. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అక్క కూడా నవ్వింది, నవ్వి ఒళ్లో పెట్టుకున్న పళ్లెం సర్దుకుంది.

నేను ముప్ఫై ఒకటితో గెలిచాను. అందులో ఖతార్ ఒకటి. అక్కడ నేను చూసింది దోహా విమానాశ్రయంలో నాలుగు గంటలు. వాటికన్ ఇంకొకటి, ఒక పూట. ఆ అంకె వేదిక మీద చెప్తున్నప్పుడు ఇవేవీ గుర్తు రాలేదు. పంతులుగారు చదివిన లెక్కలెలా ఉన్నా, ఆ సాయంత్రం రాజపూజ్యమంతా నాకొచ్చింది, అవమానం అక్కకి పోయింది.

శాలువా భుజాన వేసుకుని కిందికి దిగుతుంటే గుర్తొచ్చింది, నా కరివేపాకు కుండీ ఆ నిమిషానికి అక్క వాళ్లింట్లోనే ఉందని.

ఈ కరివేపాకు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మనలో సగం మంది ఇళ్లలో ఆ కుండీ ఉంది. వేసవిలో ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్ మీద ఉంటుంది, రాత్రి చలి యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ లోపలికి దిగడం మొదలైతే ఇంట్లోకి తేవాలి, లేకపోతే ఆకంతా రాల్చేస్తుంది. పచ్చి ఆకు ఇండియా నుంచి తెచ్చుకుందామంటే కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరు. కరివేప నిమ్మ, నారింజల కుటుంబం మొక్క. దాని మీద బతికే సన్నపు పురుగు నారింజ తోటలకి పచ్చ తెగులు అంటిస్తుంది. ఆ తెగులు ఫ్లోరిడాలో 2005లో బయటపడి తోటలకి తోటలనే దెబ్బతీసింది. అందుకే మొక్కని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లాలన్నా కొన్నిచోట్ల ఆంక్షలే. అంటే ఇది ప్రయాణాలకి పనికిరాని మొక్క. ఇంటిపట్టున ఉండి రోజూ చూసుకునే మనిషి ఒకరు కావాలి దీనికి. నాలాంటివాడింట్లో అది బతకదు. మూడు మొక్కలు చంపాక నాలుగోదాన్ని అక్కకి అప్పగించాను.

కుండీ ఒక్కటే కాదు. అక్క వాళ్ల లాండ్రీ గదిలో గోడకి ఆరు మేకులు, ఆరు తాళంచెవులు, ఒక్కోదాని కింద టేపు అంటించి తెలుగులో పేర్లు. "తెనాలోళ్లు" అని ఉన్నది మాది. మాది రేపల్లె అని పదిసార్లు చెప్పాను, మార్చలేదు.

2022 డిసెంబరులో క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు మన ఊళ్లో చలి సున్నా ఫారెన్‌హీట్ కిందికి పడిపోయింది, గుర్తుండే ఉంటుంది. మేం అప్పుడు రోమ్‌లో ఉన్నాం. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ సాయంత్రం ఆరు దాటింది. ట్రెవీ ఫౌంటెన్ ముందు జనంలో దూరి, వెనక్కి తిరిగి భుజం మీదుగా నాణెం విసరబోతున్నాను. అలా విసిరితే మళ్లీ రోమ్ వస్తారని అక్కడ నమ్మకం. ఫోన్ మోగింది. వీడియో కాల్. అక్క మా బేస్‌మెంట్‌లో మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి నిలబడి ఉంది. పైన గొట్టం పగిలి నీళ్లు ధారగా పడుతున్నాయి. నా వెనక ఫౌంటెన్ ఆవిడకి కనిపించింది. "తమ్మీ, అంత దూరం ఎందుకు పోయినవ్? మీ ఇంట్ల గూడ పెట్టిన్రు" అంది. ఆ మాట అనేటప్పటికే బావగారు మెయిన్ వాల్వ్ కట్టేశారు. ఆ రాత్రి వాళ్లిద్దరూ వాక్యూమ్ పెట్టి నీళ్లు తోడారట. మేం నాణెం విసిరి, ఐస్‌క్రీమ్ తిని, హోటల్‌కి వెళ్లి పడుకున్నాం. నిజం చెప్తున్నాను, పడుకున్నాం. అక్క ఉంది కదా అని.

ఇంతకీ నన్ను రాయమన్నది ప్రయాణాల గురించి. అది ఎగ్గొట్టను, ఎందుకంటే నాకు ప్రయాణమంటే పిచ్చి. పదకొండేళ్లు సోమవారం తెల్లవారుజామున విమానమెక్కి గురువారం రాత్రి దిగే ఉద్యోగం చేశాను. అది విసుగెత్తించాలి, కానీ శనివారానికల్లా కాళ్లు మళ్లీ దురద పెట్టేవి. ఇస్తాంబుల్‌లో ఎమినోను రేవు నుంచి కాడికోయ్‌కి ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో యూరప్ నుంచి ఆసియాకి వచ్చేస్తాం. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో డికాక్షన్ టీ ఇస్తారు. నువ్వులద్దిన గుండ్రటి రొట్టె ముక్క విసిరితే సముద్రపు పక్షులు గాల్లోనే అందుకుంటాయి. అక్కడ నాకు పెనుమూడి రేవు గుర్తొచ్చింది. వంతెన లేని రోజుల్లో మా నాన్నతో కృష్ణ దాటడానికి పడవెక్కితే ఇదే డీజిలు వాసన, ఇదే తడి గాలి. అంత దూరం పోయి సొంత ఊరి రేవు చూసినట్టయింది. రేపల్లెలోనే ఉండిపోతే ఆ రేవు అందం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇది ప్రయాణం పెట్టిన భిక్ష, కాదనను.

కాకపోతే మన ప్రయాణాలు మనకి తెలియనివా? యెల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ ఎగజిమ్మేది చూసే జనంలో పులిహోర వాసన వస్తే తల తిప్పక్కర్లేదు, మనవాళ్లే. నేను ముప్ఫై ఒక్క దేశాలకీ కందిపొడి సీసా, చిన్న రైస్ కుక్కర్ మోశాను. హోటల్ గదిలో కిటికీ తీసి, పొగ అలారం కింద తువ్వాలు ఊపుతూ అన్నం వండాను. పారిస్‌లో మూడో రోజుకల్లా ఇండియన్ రెస్టారెంట్ వెతికాను. ఇల్లు వదిలి వెళ్తున్నానంటాను గానీ, ఇరవై మూడు కిలోల పెట్టెలో పట్టినంత ఇల్లు సర్దుకుని పోతాను. దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు. నేను వెక్కిరించను. తిరిగొచ్చాక జెట్‌లాగ్‌తో తెల్లవారి మూడింటికి మెలకువొచ్చి, చీకట్లో ఆవకాయన్నం కలుపుకుంటే వచ్చే సుఖం పెద్ద హోటళ్ల వంటకిచ్చే ఏ మిషెలిన్ నక్షత్రమూ ఇవ్వలేదు.

ఆ అన్నంలోకి పెరుగు ఎక్కడిది? మూడు వారాలు ఇల్లు మూసేస్తే తోడు చచ్చిపోతుంది. మేం దిగే రోజుకి అక్క మా ఫ్రిజ్‌లో పాల డబ్బా, టమాటా పప్పు, ఒక గిన్నెడు పెరుగు పెట్టి ఉంచుతుంది. ఆ పెరుగే మళ్లీ మాకు తోడు. మా రెండు వీధుల్లో తెలుగిళ్లన్నింటిలో పేరుకునేది అక్క వాళ్లింటి పెరుగేనని మా ఆవిడ అంటుంది. లెక్క వేస్తే నిజమే.

మనకి యాత్రలు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీ దాకా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. విమానాలు కాదు, రైలు కూడా లేదు. పల్లకీలో, దాదాపు వంద మంది పరివారంతో వెళ్లారు. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, నీళ్లెలా ఉంటాయో కూడా రాశారు. ఎవరికి రాశారు? మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైగారికి. ఆ రాతలే 1838లో అచ్చయ్యాయి. వెళ్లినాయన పేరు మనందరికీ తెలుసు. ఉత్తరాలు అందుకున్నాయన పేరు ఈ పేజీ చదివేవాళ్లలో ఎంతమందికి తెలుసో మీరే చెప్పండి.

మళ్లీ మన ఆటకి వస్తాను. ఆ రోజు మొదట కూర్చున్న పదిహేను మందిలో వీసా స్టాంపింగ్ కాక తిరిగి రాలేనేమోనన్న భయంతో ఐదేళ్లుగా ఇండియాకి కూడా వెళ్లని కుర్రాడున్నాడు. అమ్మ చనిపోతే ఫోన్లో చూశాడు. కొడుకు దగ్గరికి జీవితంలో మొదటిసారి విమానమెక్కి వచ్చిన పెద్దావిడ ఉంది, ఆవిడకి అమెరికా లెక్కలోకి రాదని చెప్పాం మనం. మనం చూసిన దేశాల లెక్కలో సగం మన పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్న లెక్క. పది దేశాల వరుసలో నిలబడ్డవాళ్లలో ఎంతమందిమి అమెరికా పాస్‌పోర్ట్ వచ్చాక తిరగడం మొదలుపెట్టామో మనకి తెలియదా?

అక్కదీ అలాంటి కారణమే ఏదో ఉండి ఉంటుందనుకున్నాను. మర్నాడు కుండీ తెచ్చుకునే నెపంతో వెళ్లాను. ఎలా అడగాలో తెలియక, బావగారి ఆరోగ్యమా, డబ్బు ఇబ్బందా, వీసా గొడవా అని చుట్టూ తిప్పి తిప్పి అడిగాను. అక్క చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ విని, "గదేం లేదు తమ్మీ. నాకు పోబుద్ధి గాదు, పోలే. పొద్దుగాల ఈ కిటికీల నుంచి ఎండ పడ్తది, చాయ్ తాగుత. మంచిగుంటది" అంది. అంతే. ఆవిడ మీద జాలి పడడానికి నేను తెచ్చుకున్న కారణాలన్నీ చేతిలోనే మిగిలిపోయాయి. వెళ్లలేక కాదు, అక్కర్లేక ఉండిపోయిన మనిషి ఉంటుందని నాకు యాభై నాలుగేళ్లొచ్చేదాకా తట్టలేదు.

"మరి నిన్న అతనలా అంటే బాధ కలగలేదా?" అన్నాను.

"గా పిలగాడా? వాడి ఇంటి తాళం గూడ నా దగ్గర్నే ఉన్నది" అంది.

చూశాను. ఆరో మేకు.

కార్యవర్గం వారికి రెండు విన్నపాలు. మొదటిది, ఆ ఆట వచ్చే ఉగాదికి వద్దు. భోజనాలు ఆలస్యమైతే పంతులుగారిని ఇంకో రాశి ఫలం చదవమనండి, ఎవరికీ నష్టం లేదు. ఆట లేకపోతే కుదరదంటే, ఒకే ప్రశ్న అడగండి: ఊరెళ్లినప్పుడు మీ తాళం ఎవరికిచ్చి వెళ్తారు? పేర్లు కాగితాల మీద రాయించండి. ఏ పేరు ఎక్కువసార్లు వస్తుందో చూడండి. నేను ముందే చెప్పగలను.

రెండోది నాలాంటి ముప్ఫై ఒకట్లకి. అక్కకి అరవై మూడేళ్లు. ఆరు ఇళ్ల బేస్‌మెంట్ మెట్లు ఆవిడొక్కతే ఎక్కి దిగడం న్యాయం కాదు. ఏడాదిలో ఒక్క చలికాలం మనలో ఒక్కొక్కరు ఊళ్లో ఉండి ఆ తాళాలు పంచుకుందాం. నేను ఇది పెద్దమనిషి తరహాలో చెప్తున్నానని అనుకోకండి. జూన్‌లో లిస్బన్‌కి టికెట్లు కొనేశాను, మా తాళం మళ్లీ ఆ మేకుకే వెళ్తుంది. కానీ ఈ డిసెంబరుకి మాత్రం రెండు ఇళ్ల తాళాలు నాకిమ్మని అక్కని అడిగాను. "నీకు వాల్వ్ యాడుందో తెల్వదు, ముందుగాల అది నేర్చుకో" అంది. వచ్చే ఆదివారం బావగారు చూపిస్తానన్నారు.

శాలువా కూడా ఆ రోజే పట్టుకెళ్లాను. కప్పబోతే చేయి అడ్డం పెట్టి, అక్కడ కుర్చీ మీద పెట్టమంది. పది రోజుల తర్వాత రాత్రి మంచు పడుతుందని ఫోన్లో హెచ్చరిక వచ్చింది. అప్పటికే అక్క కరివేపాకు కుండీలు ఎండకని డెక్ మీద పెట్టేసింది. లోపలికి మోయడానికి సాయం చేద్దామని పరుగెత్తాను. చిన్నవి లోపలికి చేరాయి. గోడవారన ఉన్న పెద్ద కుండీ మాత్రం కదలదు. దానికి మెడ దాకా నా "విశ్వ సంచారి" శాలువా చుట్టి, పురికొసతో కట్టి ఉంది.

"అయ్యో, పట్టు శాలువా కదక్కా" అన్నాను.

"పట్టు గాదు తమ్మీ, పాలిస్టర్. మంచుకు మంచిగ ఆగుతది."