రంపపు ఈగల గుర్తింపు కీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గుర్తింపు కీ గారి సముఖానికి, నల్లగొండ నుంచి ఒక జంతుశాస్త్రం లెక్చరర్ నమస్కరించి రాయునది. ఒక్కో ప్రశ్న అడుగుతూ పురుగు పేరు తేల్చే పుస్తకం తమరు; నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నాను.

మీసంలో ఎన్ని ఖండాలు? ఇదీ తమరు గుమ్మంలోనే అడిగేది. మూడే ఉండి, మూడోది బారుగా ఉంటే ఆర్జిడే కుటుంబం. కొస గదలా ఉబ్బితే సింబిసిడే. సాధారణంగా తొమ్మిది ఉంటే టెంత్రెడినిడే. పది, పదకొండు ఉంటే ముల్లంగి, ఆవ ఆకులు తినే అథాలియా. బాగానే ఉంది. కానీ చచ్చిన ఈగకు ముందు ఊడేది మీసమేనని తమరికి ఎవరూ చెప్పలేదా? ముల్లంగి రైతు ఈగను ఆకులతో పాటు కవర్లో కుక్కి తెస్తాడు. కుడి మీసం మొదలంటా లేదు. ఎడమ దాంట్లో ఆరు ఖండాలు, ఆ తర్వాత గాలి. ఆరున్నాయి కాబట్టి ఆర్జిడే కాదని తేలింది, సంతోషం. తొమ్మిదా, పదకొండా? తమరికి కావలసింది సరిగ్గా ఆ ఊడిపోయిన ముక్కే! ఫ్యాన్ వేస్తే చచ్చిన ఈగ కూడా ఎగిరిపోతోంది, ఆపితే కటకం మీద చెమట చుక్క పడుతోంది.

గుడ్లు పెట్టడానికి ఆకు కోసే రంపం పళ్లు చూడాలంటే కడుపు కోయమంటారు, అదీ ఆడదైతేనే. మొన్నమొన్నటిదాకా టెంత్రెడినిడేలో ఉన్న అథాలియాకు ఇప్పుడు వేరే కుటుంబం పేరుతో వేరు కాపురం పెట్టారట. గోడ మీది చార్టు నేనే మార్చుకోవాలి. మీసం రెండుగా చీలిన స్టెరిక్టిఫోరా అనే మరో రంపపు ఈగ మగాడి బొమ్మ మాత్రం ముచ్చటగా వేశారు. ఆ పెద్దమనిషి ముల్లంగి ముట్టడు.

ముల్లంగి రైతు బెంచీ మీద కూర్చుని చూసీ చూసీ అన్నాడు: "సారూ, మీరు దాని మీసాలు లెక్కపెట్టేసరికి అది నా చేను లెక్క తేల్చేటట్టున్నది."

అప్పుడు కవరు బల్ల మీద కుమ్మరించాను. నల్లటి పురుగులు, వీపు మీద ఐదు చారలు. పుల్లతో తాకగానే చుట్టచుట్టుకుని చచ్చినట్టు పడిపోయాయి. ఒకదాన్ని వెల్లకిలా తిప్పితే పొట్ట కింద ఎనిమిది జతల కాళ్లు. సీతాకోకచిలుక పిల్లకు ఐదు జతలకు మించవు, కాబట్టి ఇవి రంపపు ఈగ పిల్లలే. మైక్రోస్కోపు అక్కర్లేదు, మా అటెండరు కూడా లెక్కపెట్టాడు. గొంగళిపురుగేనని చెప్పి దుకాణంలో ఎవరో బీటీ అనే బ్యాక్టీరియా మందు పొడి అంటగట్టారట. గొంగళిపురుగులకు వాడే ఆ పొడి రంపపు ఈగ పిల్లలను ఏమీ చేయదు. కొట్టాక కూడా అవి హాయిగా మేస్తూనే ఉన్నాయి.

మరి లార్వా కాళ్ల గురించి నీలో ఒక్క వాక్యమైనా ఉందా? చేలో ఆకు తినేది అదే కదా! రెక్కలో గదులున్నాయి, వెనక కాలి ముల్లుంది, వీపు మీద రెక్కల్ని పట్టి ఉంచే గరుకు మచ్చలకు కూడా బొమ్మ ఉంది. పంట తినే పురుగుకు మాత్రం చోటు లేదు. ఎవరి కోసం పుట్టావు నువ్వు, గాజు పెట్టెలో సూదికి గుచ్చిన నిండు మీసాల ఆడ ఈగ కోసమా?

పొద్దున, సాయంత్రం పురుగులు ఏరి సబ్బు నీళ్ల బకెట్లో వేయమని చెప్పి రైతును పంపేశాను. రిజిస్టర్లో "అథాలియా కావచ్చు" అని రాశాను. నీ మొదటి ప్రశ్న పైనున్న ఖాళీలో ఎర్ర పెన్నుతో "ముందు కాళ్లు లెక్కపెట్టు" అని కూడా రాశాను. లైబ్రరీ పుస్తకమే, ఫైన్ వేస్తే కడతాను.