ఒకారినా వల్ల దెబ్బతిన్న మనోభావాలు

కొత్తగా ఒకారినా అనే, వేళ్లతో రంధ్రాలు మూస్తూ ఊదే చిన్న వాద్యం పట్టినవారంత సమదృష్టి గలవాళ్లు లోకంలో ఉండరు. కింది స్వరమా, పై స్వరమా అని తేడా చూడరు. అన్నిటికీ ఒకే గాలి, ఒకే జోరు. ఇంత న్యాయంగా నడుచుకునేవారి మీద ఆ వాద్యం కక్ష కట్టిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం.

ఆధారాలు చూడండి. పిల్లనగ్రోవిని గట్టిగా ఊదితే స్వరం మర్యాదగా పై స్థాయికి దూకుతుంది. ఒకారినాకు ఆ మర్యాద తెలియదు. దాని లోపల ఉన్నది గొట్టం కాదు, బోలు గది. ఆ గది ఎంత పెద్దది, మొత్తమ్మీద ఎంత రంధ్రం తెరిచి ఉంది అన్న లెక్కను బట్టి స్వరం పలుకుతుంది. ఊపిరి పెంచితే శ్రుతి కొద్దికొద్దిగా పైకి జరిగి జరిగి, చివరికి కీచుమంటుంది. అందుకే పన్నెండు రంధ్రాల ఆల్టో సి అనే, సి శ్రుతిలో పలికే రకం వాద్యంలో కింది సి స్వరానికి, అద్దం మీద ఆవిరి పట్టించేంత ఊపిరి చాలు. ఒక్కో వేలు లేచేకొద్దీ ఒక్కో పిసరు పెంచుకుంటూ పోవాలి. అలా కాదని అన్నిటికీ సమానంగా పంచారో, కింది స్వరాలు శ్రుతి హెచ్చుతాయి, పైవి దిగజారి బుసబుసలాడతాయి. శ్రుతి సరిగా ఉందో లేదో చూపే ట్యూనర్ యాప్ తెరిస్తే అందులోని ముల్లు కూడా వాద్యం పక్షానే సాక్ష్యం చెబుతుంది. ఆ యాప్ తీసేయాలన్నది నేర్చుకునేవారి ఏకగ్రీవ తీర్మానం.

1853లో ఇటలీలోని బుద్రియోలో జుసెప్పె దొనాతి అనే పదిహేడేళ్ల కుర్రాడు ఒకారినాను ఈ రూపంలోకి తెచ్చాడు. కుర్రతనంలో ఒకరు చేసిన పనికి ఇన్ని తరాల పెద్దలు ఊపిరి బిగబట్టుకోవాలా?

రంధ్రాల సంగతి సరేసరి. వేలి కొసతో మూస్తే చాలదట, కొస వెనకున్న మెత్తని కండ బల్లపరుపుగా ఆనాలట. వెంట్రుకవాసి సందు మిగిలినా అది తెరిచిన రంధ్రం ఖాతాలో పడి స్వరం హెచ్చుతుంది. అనుమానముంటే కాస్త నొక్కి, వేలు తీసి చూసుకోవాలి. గుండ్రటి ముద్ర నిండుగా పడితే నిర్దోషి, నెలవంక పడితే దోషి. తరచూ దొరికిపోయేది ఉంగరపు వేలే. చిటికెన వేలు లేవగానే, పిలవని పేరంటానికి తానూ లేస్తుంది.

చివరి రెండు మూడు పై స్వరాలైతే మరీ దారుణం, బొటనవేళ్లు కూడా వదిలేయమంటాయి. మరి పట్టుకునేదెవరు? కుడి చిటికెన వేలిని దాని రంధ్రం పక్కన ఒంటికి ఆనించి పట్టుకోవాలని, గడ్డం కాస్త దించితే కీచు కూడా తగ్గుతుందని తెలిసినవాళ్లు చెబుతారు. మట్టి ఒకారినా ఉన్నవాళ్లు ఈ సలహా అది కిందపడకముందే వినాలి. ప్లాస్టిక్‌ది ఉన్నవాళ్లు తీరిగ్గా వినొచ్చు.

కాసేపు వాయించాక వాద్యం గొంతు బొంగురుపోతుంది. ఊపిరి తడి, ఊదిన గాలి లోపలికి పోయే సన్నని గాలిదారిలో చేరిందన్నమాట. గాలిదారి చివర స్వరం పుట్టే కిటికీ రంధ్రం మీద వేలు అడ్డుపెట్టి గట్టిగా ఒక్క ఊదు ఊదితే సరిపోయేదానికి, మనవాళ్లు పిన్నీసు తెచ్చి పొడుస్తారు. గాలిని చీల్చే అంచు అక్కడే ఉంది, అది గీసుకుపోతే స్వరం మళ్లీ మామూలుగా రాదు. పిన్నీసు కూడదని ముందే ఎవరూ చెప్పలేదని వాదించవచ్చు. వాద్యంతోపాటు వచ్చిన కాగితాన్ని ఎవరూ చదవలేదు కాబట్టి ఆ వాదన నిలుస్తుంది కూడా. చదవకపోయినా, ఆ కాగితాన్నే సన్నటి పీలికగా చించి గాలిదారిలోకి మెల్లగా జొనిపి ఉంటే తడంతా పీల్చుకునేది.