ఫైటర్ చేప తొట్టిలో నీళ్లన్నీ మార్చొద్దు

మొక్కలున్న తొట్టిలో ఫైటర్ చేపను పెంచడం గురించి ఇచ్చిన ఒక సలహాలో, వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, రాళ్లు కడిగి మళ్లీ నింపమని రాశారు. అలాంటి తొట్టికి అదే చేటు. చేప విడిచే విషపు అమ్మోనియాను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నీళ్లలో పెద్దగా ఉండదు, స్పాంజ్ ఫిల్టర్‌లో, రాళ్ల మీద ఉంటుంది. వాటిని నల్లా కింద పెట్టి రుద్దితే ఆ బ్యాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతుంది. రెండు మూడు రోజుల్లో నీళ్లు పాలు కలిపినట్టు మసకబారడం, చేప రెక్కలు ముడుచుకుని మూలకు నక్కడం అందుకే. 20 లీటర్ల తొట్టికి వారానికి 4 లీటర్లు తీస్తే చాలు, ఆ తీసిన నీళ్లలోనే స్పాంజ్ పిండాలి. వరంగల్ ఎండలకు నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. తగ్గిన మేర ప్రతిసారీ బోరు నీళ్లే పోస్తే లవణాలు మిగిలిపోయి అద్దం మీద తెల్లగీత కడుతుంది, ఆ మేర ఆర్వో నీళ్లు పోయండి. మొత్తం ఆర్వోతో నింపకండి, అందులో ఖనిజాలు దాదాపు ఉండవు. అనుబియాస్, జావా ఫెర్న్ అనే నీటి మొక్కలు పెట్టమనీ ఆ సలహాలో చెప్పారు, మంచిదే. కానీ వాటి దుంపకాండం (ఆకులు, వేళ్లు పుట్టే లావు కాండం) మట్టిలో పూడిస్తే కుళ్లుతుంది, దారంతో రాయికి కట్టాలి. మూతకూ నీళ్లకూ మధ్య మూడు వేళ్ల ఖాళీ ఉంచండి, ఫైటర్ పైకొచ్చి గాలి మింగే చేప. డిసెంబర్, జనవరి రాత్రుళ్లకు మాత్రం 25 వాట్ల హీటర్ కావాలి, 26 డిగ్రీల దగ్గర పెట్టండి.